రామబాణమను పేరు తగునా?

గుణమిచ్చు మందును 'రామబాణము' అనుట మనవారి వాడుక. రాముని బాణము గురిని మాత్రమే కొట్టి అమ్ములపొదిని చేరునట. యాంటీబయాటిక్ మందులకు ఈ పోలిక చెల్లునా? లినెజోలిడ్ చరిత్ర చూచినచో చెల్లదని తేలుచున్నది.

గాయములకు చీము పట్టించు స్టఫిలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి మొదట పెనిసిలిన్‌ను, పిదప మెథిసిలిన్‌ను లెక్కచేయని స్థితికి వచ్చినది. మెథిసిలిన్‌కు లొంగని రకము ఇంగ్లండులో 1961 లోనే బయటపడినది. అట్టి మొండి సూక్ష్మజీవులపై వాడుటకు అమెరికాలో 2000 సంవత్సరమున అనుమతి పొందిన మందే లినెజోలిడ్. మాత్రగా మ్రింగినను దాదాపు పూర్తిగా రక్తములో చేరుట దీని గొప్ప గుణము.

అయితే కొన్ని వారములు వాడిన పిదప కొందరిలో రక్తఫలకికలు తగ్గినవి. నెలల తరబడి వాడినవారిలో కొందరికి అరికాళ్లు తిమ్మిరెక్కినవి, చూపు మందగించినది. వీనిని 'అనుకోని దుష్ఫలితములు' అని వ్రాయుట పరిపాటి. ఈ మాట విమర్శకు నిలువదు. లినెజోలిడ్ సూక్ష్మజీవుల రైబోసోములను పట్టుకొని మాంసకృత్తుల తయారీని ఆపును. మన జీవకణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలకు కూడ సొంత రైబోసోములు కలవు; అవి సూక్ష్మజీవుల రైబోసోములను పోలియుండును. కావున మందు వానిని కూడ కొంత అడ్డగించును. నాడులు దెబ్బతినుటకు, రక్తములో లాక్టిక్ ఆమ్లము పెరుగుటకు ఇదియే ముఖ్య కారణము. మేలు చేయు గుణమే కీడును చేయుచున్నది.

అంతియేకాదు. ఈ మందు మోనోఅమీన్ ఆక్సిడేజ్ అను ఎంజైమును సైతము కొంత అణచును. మానసికమైన కుంగుబాటుకు వాడు మందులలో పెక్కు సెరొటోనిన్‌ను పెంచును. రెండును కలిసినచో జ్వరము, వణుకు, మతి కలవరము కలుగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 లో హెచ్చరించినది.

కారణము తెలిసిన కీడును తగ్గించుటకు వీలున్నది. మందులకు లొంగని క్షయకు దక్షిణాఫ్రికాలో ఈ మందును దినమునకు 1200 మిల్లీగ్రాముల చొప్పున, మరి రెండు మందులతో కలిపి ఇచ్చిరి. 2020 లో ప్రచురించిన ఆ ఫలితములలో నూటికి 90 మందికి గుణము కనబడినది. కాని నూటికి 81 మందికి నాడీబాధ కలిగినది. 2022 లో వెలువడిన మరియొక పరిశోధనలో మోతాదును సగము చేయగా గుణము ఇంచుమించు అంతే నిలిచి, నాడీబాధ తగ్గినది. వారమునకొకమారు రక్తపరీక్ష, దీర్ఘకాలము వాడువారికి కంటిపరీక్ష అవసరమనుట కూడ ఇందుకే.

మందు పేరుతోపాటు అది పనిచేయు తీరును కూడ పాఠములో చెప్పినచో, 'అనుకోని' అను మాటకు విద్యార్థులే అర్థము అడుగుదురు.