మూతి చెంతనున్న బరువు

ఈ వారము టెక్సాసునుండి మా మేనల్లుడు వ్రాసిన జాబులో, తాను క్రొత్తగా కొన్న 28 బోరు తుపాకి 5 పౌనులైనను తూగదనియు, "మామయ్యా, చేతిలో నున్నట్టే తెలియదు" అనియు మురిసిపోయెను. పనిముట్టును త్రాసులో పెట్టి మెచ్చుకొనుట యన్న నాకెంత కినుకయో ఈ శీర్షికను విడువక చదువువా రెరుగుదురు. అయినను ఈ పర్యాయము శాస్త్రము వానికే తోడు నిలిచినట్లు తోచినది. తుపాకి బరువు తాను విసరు రవ్వల బరువునకు 96 రెట్లుండవలెనని బర్మింగ్‌హాము ఆయుధకారుడు గ్రీనరు పేర చెల్లుచున్న సూత్రము ప్రకారము, ముప్పాతిక ఔన్సు రవ్వల 28 బోరునకు నాలుగున్నర పౌనులే చాలును.

కాని యా సూత్రము భుజమునకు తగులు తన్నును గూర్చినదే గాని, పారిపోవు లక్ష్యము వెంట గొట్టము సాగు తీరును గూర్చినది కాదు. తేలిక గొట్టము ఎంత వడిగా కదలునో అంత వడిగానే ఆగిపోవును. ట్రిగ్గరు నొక్కు క్షణమున చేయి రవంత తటపటాయించెనా, మూతి నిలిచిపోయి, గురికై గాలిలోనికి విసరగా అడ్డముగా దూసుకుపోవు 110 మిల్లీమీటర్ల మట్టిపళ్లెము వెనుకనుండి రవ్వలు వ్యర్థముగా సాగిపోవును.

బరువు కాదు, సమతూకము చూడవలెనని కొందరు తుపాకిని గొట్టము మడుచు కీలు చెంత వ్రేలిపై నిలిపి చూపుదురు. అదియు సగము సత్యమే. కావడిబద్దకు కుండలను కొనల కట్టినను, భుజమునకు దగ్గరగా జరిపి కట్టినను, మోయు బరువొక్కటే, నిలుచు చోటొక్కటే. కాని కొనల కట్టినవాడు సందు మలుపున తిరుగుట యెంత నిదానమో, తిరిగిన పిదప ఆగుటయు నంత కష్టము. దూరము రెట్టింపైనచో ఈ జడత్వము నాలుగింతలగును గనుక, మూతి కొననున్న ఒక్క ఔన్సు చేయు పనిని కీలు చెంతనున్న పౌనైనను చేయజాలదు.

మట్టిపళ్లెములను కాల్చు అమెరికా స్కీటు పోటీలలో 12, 20, 28 బోరులకును, పాయింట్ 410కును వేర్వేరు పందెములుండగా, పలువురు క్రీడాకారులు తేలిక తుపాకులను కొనుటకు మారుగా 12 బోరు గొట్టములలో అల్యూమినియము నాళములను దూర్చి చిన్న తూటాలను ప్రేల్చుదురు. తూటా మారినను చేతి కదలిక మారరాదన్న వారి పట్టుదల నాకెంతయు ముచ్చట గొలుపును.

ఇంత చెప్పి, ఆ తుపాకిని అమ్మివేయుమని వ్రాయుదు ననుకొందురేమో, అట్లు వ్రాయలేదు. కాలిచెంత గడ్డిలోనుండి బాబ్‌వైట్ కౌజు గుప్పున లేచినపుడు గురిచూచుటకు గడువెంత? ప్రొద్దెల్ల నడచి నాలుగు తూటాలు కాల్చు వేటగానికి ఆ తేలికదనమే వరము. మట్టిపళ్లెముల మైదానమునకు పోవునాడు మాత్రము, మూతి చెంత రెండు ఔన్సుల సీసపు పట్టీ నంటించి, ఆ తుపాకినే మరల త్రిప్పి చూడుమని వ్రాసితిని.