పాతబస్తీ ఎక్కడ మొదలవుతుంది?

మాది ఎస్. రాయవరం. 1862లో గురజాడ అప్పారావు పుట్టిన ఊరు. 2022 దాకా విశాఖపట్నం జిల్లా, అప్పట్నుంచి అనకాపల్లి జిల్లా. కాగితం మీద గీత జరిగింది గానీ ఊళ్లో ఎవరి విలువా మారలేదు. గీత అంటే ఇంతే అనుకునేవాణ్ణి, హైదరాబాదు వచ్చేదాకా.

ఇక్కడ అద్దె ఇంటికి వెళితే నా పేరు విని ఇంటాయన, 'పాతబస్తీలో చూస్కోండి భాయ్' అన్నాడు. అప్పటికి నేను పాతబస్తీ మొహమే చూడలేదు. నా హద్దు ఆయన గీసేశాడు.

అసలా హద్దేది? గోడా? చార్మినార్ నగరం చుట్టూ గోడ మొదలెట్టింది మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్, పూర్తిచేసింది మొదటి నిజాం. 1908 మూసీ వరద కొంత మింగింది, తర్వాత చాలావరకు కూల్చేశారు. పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మిగిలాయి. ఫలక్‌నుమా, బార్కస్ ఆ గోడకు బయటే. ఐనా పాతబస్తీయే అంటారు.

పోనీ, వయసా? ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టడం మొదలైంది 1884లో. కోఠీ రెసిడెన్సీ అంతకు 75 ఏళ్లకు పైగా ముందుది. కోఠీని పాతబస్తీ అనరేం?

మూసీకి దక్షిణమంటారా? దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ కూడా దక్షిణానే ఉన్నాయి కదా!

ఇక మిగిలింది ఒక్కటే కొలత: అక్కడ ఉండేది ఎవరు? ఆ లెక్కా తప్పే. లాల్‌దర్వాజా బోనాలు ఎవరివి? ఉర్దూలో షాయరీ రాసిన మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ షాలిబండలోది కాదా? ఈ గీత ముసల్మాన్లను లోపల పెట్టి, వాళ్ల పక్కింటివాళ్లను లేకుండా చేసింది.

ఈ పాపంలో నాకూ వాటా ఉంది. డెస్కులో కూచుని, యాకుత్‌పురాలో ఒక గల్లీ గొడవకు 'పాతబస్తీలో ఉద్రిక్తత' అని హెడ్డింగు పెట్టాను. లక్షల మందిని ఆ గల్లీలోకి తోసేశాను. అదే గొడవ దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే కాలనీ పేరు రాసేవాణ్ణి.

మనవాళ్లూ తక్కువ తినలేదు. బయటివాళ్లు గీసిన గీతనే తహజీబ్ అని మురిసిపోయాం. అసలైన ముసల్మాను దాని లోపలే ఉంటాడంటే, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన రాయవరం ముసల్మాను ఏమవ్వాలి? నవాబుల ముత్తాతలు లేనివాళ్లం మేం. మాకు అటూ చోటు లేదు, ఇటూ ఇల్లు లేదు.

ప్రతి బస్తీకీ పేరుంది. గౌలీపురా, యాకుత్‌పురా, షాలిబండ, బార్కస్. గొడవైనా, పెళ్లైనా, నీళ్లు రాకపోయినా జరిగిన చోటు పేరే రాద్దాం. పాతబస్తీ అన్న మాటను చరిత్ర చెప్పేటప్పుడు వాడుకుందాం. అద్దె అడగడానికి వచ్చిన మనిషి మొహాన కొట్టొద్దు.