మెషిన్ ముందు నిలిచే నేర్పు

నున్నటి ప్లాస్టిక్ బకెట్, బిగుతైన మూత మనకు కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో వాటిని పోతపోసే మౌల్డింగ్ ఆపరేటర్ నేర్పు మాత్రం కనిపించదు. మూల నిండకపోతే ప్రెషర్ చాలలేదా, డైలో (అచ్చులో) గాలి చిక్కుకుందా అని చూస్తాడు. అంచున పలుచటి రేకు సాగితే డైని బిగించే క్లాంపింగ్ సరిచూసి, డై అతుకు శుభ్రం చేస్తాడు. మందమైన చోట గుంట పడితే హోల్డింగ్ ప్రెషర్, సమయం పెంచి చూస్తాడు. వెండి చారలు తేలితే ముందు అనుమానం గుళికల్లోని తేమ మీదే. హెల్మెట్ అద్దానికి వాడే పాలికార్బొనేట్‌నైతే 120 డిగ్రీల దగ్గర 3-4 గంటలు ఆరబెట్టాల్సిందే.

అన్నీ ఒకేసారి మార్చడు. ఒక్క సెట్టింగ్ కదిపి, కొన్ని షాట్లు తీసి, తేడా చూశాకే రెండోది ముట్టుకుంటాడు. అలాంటివాడున్న షెడ్డులో తుక్కు బస్తాలు తక్కువ.