చెవితో చూపిన మధుర

యుద్ధం గెలిచిన రాజును పొగిడే కావ్యాలు మనకు కొదవలేదు. గెలిచినవాడి రాణే కలం పట్టడం మాత్రం అరుదు. గంగాదేవి సంస్కృతంలో రాసిన ‘మధురావిజయం’ అలాంటి కావ్యం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు కుమార కంపన 14వ శతాబ్దంలో మధుర సుల్తానుపై సాధించిన విజయం ఇందులో కథ. ఆ కంపన రాణే గంగాదేవి. తాళపత్ర ప్రతి 1916లో తిరువనంతపురంలో బయటపడింది, 1924లో అచ్చయింది. దొరికినవి తొమ్మిది సర్గలు. అక్కడక్కడ శ్లోకాలు శిథిలమై పోయాయి.

మొదటి సర్గలో పూర్వకవులకు నమస్కరిస్తూ ఆమె వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు, బాణుడు ఉన్న వరసలోనే మన తిక్కనకూ చోటిచ్చింది. ఆమె తెలుగింటి ఆడపడుచేనని చాలామంది పండితులు భావించడానికి ఇదొక బలమైన కారణం.

కథ నడిపించిన తీరు చూడండి. ముందు తొండైమండలంలో శంబువరాయలను ఓడించి, ఆ తర్వాతే మధుర మీదికి వెళ్లమని బుక్కరాయలు కొడుక్కి చెబుతాడు. కోట ముట్టడి నాలుగో సర్గలోనే అయిపోతుంది. అది మధుర కోట కాదు, శంబువరాయల రాజగంభీరం. ఆపైన కంచిలో కంపన పాలన, ఋతువులు, పూలు కోయడం, జలక్రీడలు, చంద్రోదయం. చంద్రోదయాన్ని వర్ణించమని కంపన అడిగితే గంగాదేవి తానే పాత్రగా వచ్చి చెబుతుంది. మహాకావ్యానికి ఈ వర్ణనలన్నీ ఉండాలన్నది నియమమే. ఆమె మాత్రం ఆ నియమాన్ని తన కథకు పనిముట్టు చేసుకుంది. మూడు సర్గల సుఖంలో రాజునూ చదువరినీ ఓలలాడించి, ఆ వెంటనే ఎనిమిదో సర్గ తలుపు తీస్తుంది.

అక్కడ ఒక స్త్రీ కంపన ముందు నిలబడి దక్షిణదేశపు దుఃఖాన్ని చెబుతుంది. ఆమె మధుర దేవత అయి ఉంటుందని పండితుల ఊహ. ఈ సర్గ పనితనమే నన్ను ఈ కావ్యానికి కట్టిపడేసింది. గంగాదేవి ప్రతి చిత్రాన్నీ రెండు సగాలుగా మలిచింది: ఒకప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది. ఆ సగాలను ఆమె ఎక్కువగా చెవితోనే అతికించింది. ఒకప్పుడు మృదంగాలు మోగిన గుళ్లలో ఇప్పుడు నక్కల కూతలు. ఆడవాళ్ల అందెల సవ్వడి వినిపించిన రాజవీధిలో సంకెళ్ల చప్పుడు. వేదఘోష నిండిన అగ్రహారాల్లో తాగిన సైనికుల కేకలు. నగరాన్ని కళ్లకు కట్టడం ఎంతోమంది కవులకు చేతనవును. ఊరు పాడుపడితే ముందు మారేది దాని చప్పుడని పట్టుకోవడం గంగాదేవి ప్రతిభ.

కంటితో చూపించాల్సి వచ్చినప్పుడు ఆమె చిన్న వస్తువులనే ఎంచుకుంటుంది. తలుపులను పురుగు తొలిచింది. మండపాల రాళ్ల అతుకుల్లో గరిక మొలిచింది. పూజకు ఏరి తేవలసిన గరిక పూజలు ఆగిన గుడిలో తనంతట తాను పెరుగుతోంది. శ్రీరంగంలో పైనుంచి ఇటుకలు రాలుతుంటే, స్వామి యోగనిద్ర ఎక్కడ చెదురుతుందోనని ఆదిశేషుడు పడగలు అడ్డుపెడుతున్నాడు. ఇక్కడ కోపం కంటే ముందు కనిపించేది సేవకుడి ఆదుర్దా. అందుకే ఆ శ్లోకం గుండెలో నిలిచిపోతుంది.

తొమ్మిదో సర్గలో సుల్తాను తల తెగిపడే శ్లోకం మరో మచ్చుతునక. ఆ తలకు ముఖస్తుతి చేయడం తెలియదు, అది సామ్రాజ్యాభిషేకం పొందింది, దేవతలకు కూడా వంగలేదు. ఇలా విశేషణాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, ‘పడింది’ అనే క్రియను చిట్టచివరి మాటగా పెట్టింది. సంస్కృతంలో క్రియ ఎక్కడైనా ఉండవచ్చు. చివర పెట్టడం ఆమె ఎంపిక. శత్రువు పొగరును ఆమె దాచలేదు. దాన్ని అంత ఎత్తున నిలబెట్టింది కాబట్టే పతనం వినిపిస్తుంది.

ఇది గెలిచినవారి కావ్యం, రంగులు గాఢంగానే పడ్డాయి. అయితే అంతా కల్పన కాదు. కంపన దండయాత్రకు ముందే మధురను ఏలిన సుల్తాను గియాసుద్దీన్‌కు తోడల్లుడైన యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా ఆయన క్రూరత్వాన్ని రాశాడు. కంపన సేనాని గోపన 1371లో శ్రీరంగనాథుణ్ణి తిరిగి ప్రతిష్ఠించినట్టు శాసనం ఉంది. మధుర సుల్తానుల నాణేలు మాత్రం 1377-78 దాకా దొరుకుతున్నాయి. కావ్యం ఒక్క కత్తివేటుతో ముగించిన కథ నేల మీద కొన్నేళ్లు సాగిందన్నమాట.

ఆ గెలుపు తెరిచిన దారిలోనే 16వ శతాబ్దంలో విజయనగర సేనాని విశ్వనాథ నాయకుడు మధురను ఏలాడు. తెలుగు సైనికులు, రైతులు, నేతగాళ్లు కుటుంబాలతో తరలివచ్చి మధుర నుంచి కోయంబత్తూరు నల్లరేగడి దాకా స్థిరపడ్డారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ కుటుంబాలకు తమ రాక కంటే ముందటి అధ్యాయం ఈ కావ్యంలో దొరుకుతుంది. కొత్తగా చదివేవారు ఎనిమిదో సర్గతో మొదలుపెట్టండి, పైకి చదవండి. సంస్కృతం రాకపోతే తెలిసినవారి చేత చదివించుకుని వినండి. చెవిని నమ్మి రాసిన కవయిత్రి పనితనం చెవిన పడితేనే పూర్తిగా తెలుస్తుంది.