చార్టు కాదు, చెరువు గట్టు

తెలుగు పాఠాల చివర ‘ప్రాజెక్టు పని’ ఉంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో దానికి విడిగా మార్కులూ ఉన్నాయి. చాలాచోట్ల అది ఇంటర్నెట్ సెంటర్లో తీయించిన ప్రింట్లు, చార్టు మీద అంటించిన బొమ్మలు, ఇంట్లో పెద్దవాళ్లు రాసిచ్చిన నాలుగు వాక్యాలతోనే ముగిసిపోతోంది. చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. పిల్లలకు రాత నేర్పడానికి ప్రాజెక్టు పనికన్నా మంచి దారి నాకు కనిపించలేదు మరి.

‘మా ఊరు’ అని వ్యాసం రాయమనండి. ఏడో తరగతి అంతా ఒకటే పాట: మా ఊరు చాలా అందమైనది, పచ్చని పొలాలు ఉంటాయి, అందరూ కలిసిమెలిసి ఉంటారు. భాష రాకనా? కాదు. సొంతంగా తెలుసుకున్న సంగతి ఒక్కటీ చేతిలో లేక.

మా బడి పిల్లలు ఊరి చెరువు మీద చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. ముందు ఎవరిని ఏమడగాలో రాసుకున్నారు. పొలాలకు నీళ్లు వదిలే నీరటిని, చేపలు పట్టేవాళ్లను, బతుకమ్మలు నిమజ్జనం చేసే ఆడవాళ్లను అడిగారు. ఒకమ్మాయి మొదట తెచ్చింది ఒక్కటే వాక్యం: ‘చెరువు నిండితే నీళ్లు బయటకు పోతాయి.’ చదివి వినిపించగానే తరగతి ఊరుకోలేదు. ఎటు పోతాయి? అప్పుడు ఊళ్లోవాళ్లు ఏం చేస్తారు? నీకెవరు చెప్పారు? ఆ పిల్ల సాయంత్రం తాత పక్కన కూర్చుంది. ‘తాతా, మత్తడి దూకితే నువ్వేం జేసేటోనివి?’ అని అడిగి, ఆయన చెప్పినదంతా రాసుకొచ్చింది. చెరువు నిండి మత్తడి దూకిన రాత్రి తాత టార్చిలైటు పట్టుకొని కట్ట మీదికి పోయేవాడట. ఎండ్రకాయలు బొరియలు చేసి ఉంటే కట్ట తెగుతుందని కాలితో నొక్కి నొక్కి చూసేవాడట. తూము ఎత్తాలా వద్దా అని పెద్దమనుషులు వానలోనే వాదులాడుకునేవాళ్లట. ఒక్క వాక్యం పేజీన్నర అయింది. నేను చెప్పి రాయించింది అందులో ఒక్క ముక్క లేదు.

తెచ్చినవన్నీ ఒక వరుసలో పెట్టడం అసలు కష్టం. అక్కడ మాకు ఇటలీ కొండల్లోని బార్బియానా బడి సాయపడింది. ఫాదర్ లొరెంజో మిలానీ దగ్గర చదువుకున్న రైతుబిడ్డలు 1967లో ఒక పంతులమ్మకు ఉత్తరంగా పుస్తకం రాశారు. వాళ్లు రాసిన పద్ధతి ఇది: ఎవరికి ఏది తోచినా చీటీ మీద రాయడం, చీటీకి ఒకటే సంగతి. తర్వాత చీటీలన్నీ బల్ల మీద పరిచి, ఒకేలా ఉన్నవి తీసేసి, మిగిలినవి కుప్పలు చేసి, కుప్పలకు వరుస కుదర్చడం. ఆపైన అందరూ కలిసి అక్కర్లేని మాటలు కొట్టేయడం. మా పిల్లలు నేల మీదే పరిచారు. ‘పూర్వం నీళ్లు బాగుండేవి’ అన్న చీటీలు గుట్టగా తేలాయి. ఒకటి ఉంచి మిగతావి వాళ్లే తీసేశారు. పేరా అంటే ఏమిటో ఇక నేను బోర్డు మీద చెప్పనక్కర్లేకపోయింది.

ఎర్రసిరా పెన్ను అప్పటిదాకా తీయలేదు. మొదటి ప్రతిలోనే వత్తులూ దీర్ఘాలూ దిద్దితే పిల్లలు తప్పు రాని మాటలే ఏరుకొని రాస్తారు. పుస్తకం పంచాయతీ ఆఫీసులో పెడతారని, చెప్పిన తాతలకు చదివి వినిపిస్తారని తెలిశాక తప్పులు వాళ్లే వెతికారు. ‘సార్, మత్తడికి తవత్తేనా?’ అని పరుగున వచ్చి అడిగినవాళ్లు మామూలు రోజుల్లో నోట్సు చూపించమంటే తప్పించుకునేవాళ్లే.

సిలబస్ ఎప్పుడు అవుతుందని తోటి మాస్టార్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. పాఠానికో ప్రాజెక్టు పెడితే ఏదీ కుదరదు, టర్ముకు ఒక్కటి చాలు. మార్కులు వేసే పద్ధతీ మారాలి. చార్టు పక్కన పెట్టి, పిల్లవాడి ప్రశ్నల కాగితం, మొదటి ప్రతి, చివరి ప్రతి మూడూ దగ్గర పెట్టుకుని చూడాలి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎంత మారిందో దానికే మార్కులు పడాలి. అలాంటప్పుడు ప్రింట్లు తీయించుకొచ్చినా పనికిరావు.