తెర మీది కవిత ఎవరి పాఠం? – ఎమిలీ డికిన్సన్ బోధనలో అంతర్జాల వనరులు

ఆంగ్ల కవిత్వ బోధనలో అంతర్జాల వనరులను గురించిన చర్చ తరచుగా సౌలభ్యం దగ్గరే ఆగిపోతుంది. తెర మీద చూపుతున్నది ఏ పాఠం, దానిని ఎవరు పరిష్కరించారు అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఎమిలీ డికిన్సన్ (1830–1886) విషయంలో ఈ ప్రశ్నను దాటవేస్తే బోధించే కవితే మారిపోతుంది.

డికిన్సన్ దాదాపు 1800 కవితలు రాసినా, జీవితకాలంలో అచ్చయినవి అతి స్వల్పం. 1890లో మేబెల్ లూమిస్ టాడ్, థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్‌లు తొలి సంపుటిని వెలువరించారు. ఆమె పెట్టని శీర్షికలు పెట్టారు. ఆమె విరివిగా వాడిన అడ్డగీతలను తీసి సాధారణ విరామచిహ్నాలు చేర్చారు. 'ది చారియట్' పేరుతో వారు ప్రకటించిన కవితనే చూద్దాం. మృత్యువు మర్యాదస్థుడిలా బండి ఆపి కవితలోని 'నేను'ను ఎక్కించుకుంటాడు. బడి, పంటచేలు, అస్తమిస్తున్న సూర్యుడు వెనక్కి జరుగుతాయి. బండి సమాధిని తలపించే ఇంటి ముందు నిలుస్తుంది. చేతిరాత ప్రతిలో విరామవేళ వలయంగా చేరి పోటీపడే పిల్లలు, అచ్చులో పాఠాలు ముగించి ఆడుకొనే పిల్లలయ్యారు. ఇది చిన్న మార్పే. పెద్దది వేరే ఉంది: చేతిప్రతిలో ఆరు చరణాలుంటే అచ్చులో ఐదే. తొలగించినది నాలుగవది.

ఆ చరణంలో వక్త తన మాటను తానే సవరించుకొంటుంది: సూర్యుణ్ణి మేము దాటలేదు, సూర్యుడే మమ్మల్ని దాటిపోయాడని. వెంటనే మంచు, చలి, పలుచని వస్త్రం. విహారంలా సాగిన ప్రయాణంలో దేహానికి తొలిసారి వణుకు పుట్టేది అక్కడే. ఆ చరణం లేని పాఠం చదివిన విద్యార్థి 'మృత్యువును ప్రశాంతంగా స్వీకరించిన కవిత' అని రాస్తే తప్పు అతనిది కాదు.

1955లో థామస్ హెచ్. జాన్సన్, 1998లో ఆర్. డబ్ల్యు. ఫ్రాంక్లిన్ చేతిప్రతుల ఆధారంగా పాఠాన్ని పునరుద్ధరించారు. వీటి హక్కులు హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయానివి. 1890 నాటి పాఠానికి హక్కుల కాలం తీరింది గనుక ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వంటి ఉచిత భాండాగారాలలో అదే సులువుగా దొరుకుతుంది. దాని విస్తృతికి కారణం గ్రంథస్వామ్య చట్టమే తప్ప పాఠశుద్ధి కాదు.

2013లో ప్రారంభమైన ఎమిలీ డికిన్సన్ ఆర్కైవ్ ఈ లోటును చాలావరకు తీర్చింది. పలు గ్రంథాలయాలలోని చేతిప్రతుల ఛాయాచిత్రాలను ఇందులో ఉచితంగా చూడవచ్చు. కొన్ని కవితలలో ఒక పదం పక్కన కూడిక గుర్తు, పుట అడుగున దానికి ప్రత్యామ్నాయ పదాలు కనిపిస్తాయి. 'ఇందులో ఏది సరైనది?' అన్నది తరగతిలో సహజంగా వచ్చే ప్రశ్న. తాళపత్ర ప్రతుల పాఠాంతరాలతో పరిచయమున్న తెలుగు పరిశోధకులకు ఇది పాత ప్రశ్నలాగే తోస్తుంది. కానీ మన పాఠాంతరాలలో ఎక్కువ భాగం లేఖకుల చేతిలో పుట్టినవి; ఇవి కవయిత్రి తన చేతితో రాసి, తేల్చకుండా వదిలినవి. వీటిలో దేనినీ అపపాఠమని కొట్టివేయలేము. కనుక మన పరిష్కరణ పద్ధతిని ఇక్కడ యథాతథంగా వర్తింపజేయడం కుదరదు.

డికిన్సన్ దస్తూరి చదవడం తేలిక కాదు. అన్ని కళాశాలలలో నెట్ సౌకర్యమూ ఒకేలా ఉండదు. అయితే రెండు పుటలు అచ్చుతీస్తే చాలు – ఒకటి 1890 పాఠం, రెండవది చేతిప్రతి ఛాయాచిత్రం. కవి పరిచయం, సారాంశం చెప్పకముందే వాటిని పంచి, నాలుగవ చరణం ఎక్కడికి పోయిందో విద్యార్థులనే వెతకనివ్వాలి.