మహమ్మారి కాలం — రచయిత సాక్ష్యం

మహమ్మారిపై రాసిన రచనను మృతుల సంఖ్యతో కొలవరాదు. ఆ కష్టకాలంలో మనిషి మనిషి పట్ల ఎలా ప్రవర్తించాడో అది ఎంత నిజాయితీగా చెప్పిందన్నదే గీటురాయి.

1348లో డమాస్కస్‌లో ప్లేగు ప్రబలినప్పుడు ముస్లిములు, యూదులు, క్రైస్తవులు మూడు రోజుల ఉపవాసానంతరం తమతమ గ్రంథాలు చేతబట్టి కలిసి నడిచి దుఆ చేశారని ఇబ్నె బతూతా రాశాడు. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లోనేమో, బావుల్లో విషం కలిపారన్న నింద మోపి యూదులను సజీవ దహనం చేశారు. వ్యాధి ఒకటే, మనుషుల ప్రవర్తన వేరు. ఈ తేడాను నమోదు చేయడమే రచయిత బాధ్యత.

రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూ కథ 'క్వారంటీన్' ఈ బాధ్యతను చక్కగా నెరవేర్చింది. ప్లేగు కన్నా క్వారంటీనుకే జనం ఎక్కువగా భయపడతారు. కథ చెప్పే డాక్టరు ప్రాణభీతితో ఎడంగా ఉంటాడు. పాకీపని చేసే భాగూ రోగులను స్వయంగా తాకి సేవ చేస్తాడు, భార్యను పోగొట్టుకుంటాడు. చివరకు పూలదండ పడేది డాక్టరు మెడలో! ఆ గౌరవం తనకు చెందదని డాక్టరుకు తెలుసు. కథ బలమంతా ఆ సిగ్గులోనే ఉంది.

2023లో వచ్చిన అనుభవ్ సిన్హా హిందీ చిత్రం 'భీడ్' ఇలాంటి ప్రయత్నమే. 2020 లాక్‌డౌన్‌లో దారిలో చిక్కుకున్న వలస కార్మికుల ఆకలిని, ముస్లిములు ఇచ్చే అన్నాన్ని సైతం నిరాకరించే ద్వేషాన్ని ఇది నలుపు తెలుపుల్లో చూపింది. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి 2020 ఆగస్టులో వ్యాఖ్యానించిన సంగతి గుర్తుంటే, ఈ సన్నివేశం విలువ తెలుస్తుంది. అయితే ఒక లోపముంది: ఇందులో ముస్లిం పాత్రలు ఇతరుల మనస్సును పరీక్షించే సాధనాలుగానే మిగిలాయి. వారి స్వంత దుఃఖానికి చోటు దక్కలేదు.

కోవిడ్ కాలంలో హైదరాబాదులోనూ, తిరుపతిలోనూ ముస్లిం యువకులు మతభేదం పాటించక మృతులకు అంత్యక్రియలు జరిపారు. తెలుగు రచయిత వారిని గురించి తప్పక రాయాలి. కాని కేవలం ప్రశంస రాస్తే అది మరో పూలదండే అవుతుంది. శవాన్ని మోసి ఇంటికి తిరిగి వచ్చినవాడి భయమేమిటి, అతని తల్లి ఏమన్నది, వీధివారు అతణ్ణి ఎలా చూశారు — ఇవి రాసినప్పుడే అది సాక్ష్యమవుతుంది. సాక్ష్యాన్ని దాచరాదన్నది ఖుర్ఆన్ ఆదేశం. రచయితకు కూడా అందులో మినహాయింపు లేదు.